మీఠా పానీ

జూన్ 5, 1982. లాల్‌టిక్రీ.

ఈరోజు కూడా పొట్లాలు రాలేదు. మాయాబందర్ నుంచి వచ్చిన బోటులో ఉల్లిపాయల బస్తాలు వచ్చాయి, ఎవరిదో కుట్టుమిషను వచ్చింది, రెండు మేకలు కూడా దిగాయి. విరేచనాలైతే నీళ్ళలో కలిపి పట్టే పొట్లాలు మాత్రం రాలేదు. అడిగితే సముద్రం బాగాలేదన్నారు. మేకలకు బాగానే ఉన్న సముద్రం నా పొట్లాలకు బాగుండదు కాబోలు.

సాయంత్రం వలల షెడ్డులో ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాను. ఆరోగ్యం గురించి నలుగురికీ చెప్పడమే నా ఉద్యోగం కదా, అందుకేగా విశాఖ వదిలి ఈ అండమాన్ దీవికి వచ్చింది. వానలు పడగానే ఈ పల్లెలో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయని డాక్టరు గారు ముందే చెప్పారు. పొట్లం లేకపోయినా ఇంట్లోనే నీళ్ళు కలిపి పట్టవచ్చు. అది నేర్పాలి. మన తెలుగు వాళ్ళతోపాటు బెంగాలీ వాళ్ళూ రాంచీ వాళ్ళూ ఉన్నారు కనుక హిందీలోనే మొదలుపెట్టాను. చిన్నపేగు బొమ్మ గీశాను. పేగు గోడలో ప్రోటీను తలుపులు ఎలా ఉంటాయో, ఉప్పూ గ్లూకోజూ కలిసి ఎలా లోపలికి వెళ్తాయో ఓపిగ్గా చెప్పాను.

"ఇదేటి బాబూ, వానపామా?" అని ఒకామె అడిగింది.

అంతే, షెడ్డంతా నవ్వు. ఎరుకమ్మయితే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నాకు గది అద్దెకిచ్చి రెండు పూటలా అన్నం పెడుతున్న మనిషి. ఆమైనా ఊరుకోవచ్చు కదా.

జూన్ 6

ఎవరూ రాలేదు. షెడ్డులో నేనూ, ఒక కుక్కా.

జూన్ 8

వారానికోసారి మాయాబందర్ నుంచి వచ్చే డాక్టరు గారు ఈరోజు వచ్చారు. నా బొమ్మ చూసి నవ్వలేదు కానీ నవ్వినా బాగుండేది. "గురునాథం, ఇది కాలేజీ కాదయ్యా. ఒక్క మాటలో చెప్పు. పిల్లలు పాడుకునేట్టు చెప్పు" అన్నారు. ఒళ్ళు మండింది. సరేనండీ అన్నాను.

నా ఎమ్మెస్సీ అంతా ఎలుక పేగులతోనే గడిచింది. చిన్నపేగు ముక్కను చొక్కా చెయ్యి తిరగేసినట్టు తిరగేసి, రెండు కొసలూ దారంతో ముడివేసి, గాజు గ్లాసులో ఉప్పునీళ్ళలో వేలాడదీసేవాళ్ళం. వట్టి ఉప్పునీళ్ళయితే ఆ సంచి దాదాపు అలాగే ఉండిపోయేది. గ్లూకోజ్ వేస్తే చాలు, నీళ్ళు తాగి ఉబ్బేది. మొదటిసారి చూసినప్పుడు ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

పేగు గోడలోని కణానికి ఉప్పు వచ్చే దారులు చాలానే ఉన్నాయి. విరేచనాలు పట్టుకుంటే వాటిలో కొన్ని మూసుకుపోతాయి. ఒక్క తలుపు మాత్రం రోగం ఎంత ముదిరినా పనిచేస్తూనే ఉంటుంది. ఆ తలుపు దగ్గరి ప్రోటీను మహా మొండిది. ఉప్పు ఒంటరిగా వస్తే రానివ్వదు. చక్కెర ఒంటరిగా వచ్చినా రానివ్వదు. ఇద్దరూ కలిసి వస్తేనే పక్కకి తిరిగి ఇద్దరినీ లోపల దించుతుంది. ఆ లోపలి ఉప్పును అవతలి గోడ దగ్గర ఇంకో ప్రోటీను రక్తంలోకి తోసేస్తుంది. ఉప్పు ఎటు పోతే నీళ్ళు అటే. ఇంత చక్కటి సంగతి ప్రపంచంలో ఇంకోటి లేదు. దీన్ని ఒక్క మాటలో చెప్పాలట, పిల్లలు పాడుకునేట్టు.

చెప్పాను. ఇందాక అన్నం తింటుండగా తట్టింది.

మీఠా పానీ, చుట్కీ నమక్,
బచ్చే కీ లౌటే చమక్.

తియ్యటి నీళ్ళు, చిటికెడు ఉప్పు, బిడ్డ మొహానికి మళ్ళీ కళ. గ్లూకోజ్ అనే మాటతో కూడా పని లేకుండా పోయింది. నా హిందీ ఇంత బాగుందని నాకే తెలియదు.

జూన్ 11

షెడ్డు గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో రాశాను. చదువు రాని వాళ్ళకు పాట ఉంది. పొద్దున జెట్టీ దగ్గర పిల్లలు నీళ్ళలోకి దూకుతూ అదే పాడుతున్నారు. ఎరుకమ్మ కూతురు కాళమ్మ బిడ్డకు నీళ్ళు పోస్తూ పాడుతోంది. ఆ బిడ్డ బుల్లమ్మ, ఏడాదిన్నర ఉంటుందేమో, 'చమక్' దగ్గర చేతులు కొడుతుంది. నా కాగితాలు చింపడం దానికి నిత్యకృత్యం. ఈరోజు మాత్రం తిట్టలేదు.

కాళమ్మ మొగుడు జోగులు డుంగీ, అదే చిన్న పడవ, వేసుకుని వేటకెళ్తాడు. మాట తక్కువ మనిషి. అతను కూడా "పాట జబర్దస్త్ ఉంది భయ్యా" అన్నాడు.

డాక్టరు గారికి చెప్పాలి. ఒక్క మాటలో అడిగారు కదా, రెండు పాదాల్లో చెప్పాను.

జూన్ 14

వాన. పోటు ఎక్కువై సముద్రం నీళ్ళు పల్లె బావిలోకి దిగాయి. పొట్లాలు రాలేదు. రావు.

రాంచీ వాళ్ళింట్లో ఇద్దరు పిల్లలకు విరేచనాలు. పాట ప్రకారం పడుతున్నామన్నారు. మంచిది.

జూన్ 16

గవరయ్య ఇంటికి వెళ్ళాను. అతను ఇంట్లో లేడు. భార్య యర్రమ్మ ఒళ్ళో కొడుకు అప్పయ్య, మూడేళ్ళవాడు. కళ్ళు గుంటల్లోకి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే ముడత అలాగే నిలబడింది.

"నీళ్ళు పట్టావా?" అన్నాను.

"పట్టినాను బాబూ. ఎల్లిన పెతిసారీ పట్టినాను. మీ పాట పాడుకుంటనే పట్టినాను."

పట్టి ఉంటే కళ్ళు ఇలా ఎందుకుంటాయి? నాకు కోపం వచ్చింది. వీళ్ళకు మనల్ని సంతోషపెట్టడం అలవాటు. అడిగినదానికల్లా అవునంటారు, చెప్పినదానికల్లా అలాగే అంటారు, మనం వెనక్కి తిరగగానే వాళ్ళ పని వాళ్ళది. ఇంకా పట్టు, గిన్నెల కొద్దీ పట్టు, కక్కినా పట్టు అని గట్టిగా చెప్పాను. "అలాగే బాబూ" అంది. అదిగో, అలాగే.

మాయాబందర్ తీసుకెళ్దామంటే బోటు కదలనంటోంది. సముద్రం పొంగుతోంది, ఈ వారం డాక్టరు గారు కూడా రాలేకపోయారు.

జూన్ 17

అప్పయ్యకు బాగాలేదు. బోటు లేదు.

జూన్ 18

అప్పయ్య పోయాడు. తెల్లవారాక.

జూన్ 19

ఉదయం షెడ్డులో అందరినీ పోగుచేశాను. మూడిళ్ళలో ఇంకా పిల్లలు పడుకుని ఉన్నారు, ఊరుకుంటే కుదరదు. చెప్పిన మాట వినకపోతే ఇలాగే జరుగుతుందని అన్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం కూడా లేదు, అందరూ యర్రమ్మ వైపే చూశారు. ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

గవరయ్య లేచాడు. "పట్టుంటే బతికీవోడా మాస్టారూ?"

"బతికేవాడు" అన్నాను.

ఉన్నదే చెప్పాను. ఆ తలుపు రోగానికి లొంగదు. నేను నా కళ్ళతో చూశాను. ప్రోటీను అబద్ధం చెప్పదు, మనుషులు చెబుతారు. నలుగురిలో ఒకసారి గట్టిగా అంటే మిగిలిన తల్లులైనా పడతారని అన్నాను. యర్రమ్మ మీద నాకు పగేమీ లేదు.

పగేమీ లేదు.

జూన్ 21

ఎరుకమ్మ అన్నం గిన్నె చప్పుడు చేస్తూ పెట్టింది. ఏమైందని అడిగాను.

"గవరయ్య యర్రిని పంపించేస్తన్నాడు బాబూ. పోర్ట్‌బ్లెయిర్ల డిగ్నాబాద్ కాడ దాని అన్న ఉన్నాడు గదా, ఆడి ఇంటికాడ దింపీసి వచ్చేస్తాడంట. నా కొడుకుని సంపుకున్నది నాకొద్దు అంటన్నాడు."

"నేను పంపించమనలేదే."

"మీరేటీ అన్నేదు" అంది. ఆ అనడం నాకు నచ్చలేదు.

సముద్రం తగ్గాక వచ్చే బోటులో పంపుతాడట. మొగుడూ పెళ్ళాల సంగతి. కోపం చల్లారితే మానేస్తాడు. రాంచీ వాళ్ళ పిల్లలు తేరుకున్నారు, కాకపోతే వాళ్ళు గంజి కూడా పోస్తున్నారట. బెంగాలీల పాపకు తగ్గడం లేదు. ఎవరిని అడిగినా పడుతున్నామనే అంటారు. ఇంతమంది ఒకేసారి అబద్ధం ఎందుకు చెబుతారు? కలపడంలో ఏదో పొరపాటు చేస్తున్నారు. ఉప్పు ఎక్కువ వేస్తున్నారేమో. చుట్కీ అన్నాను, గుప్పెడు వేస్తే నేనేం చెయ్యను?

జూన్ 22

సముద్రం కాస్త తెరిపి ఇచ్చింది. పొట్లాల కోసం నేనే మాయాబందర్ వెళ్తున్నాను. బయల్దేరుతుంటే కాళమ్మ గుమ్మంలోకి వచ్చింది. బుల్లికి పొద్దున్నుంచి విరేచనాలట. మాయాబందర్ తీసుకెళ్దాం పద అన్నాను. "ఈ కెరటాల్ల పసిపిల్లనెట్టుకుని ఎలాగొస్తాను మాస్టారూ, పాట నీళ్ళు పడతాను" అంది. సరే అన్నాను. కాళమ్మ చెప్పినట్టు చేసే మనిషి.

జూన్ 24

ఇదంతా రాయకపోతే నిద్ర పట్టదు.

నిన్నంతా మాయాబందర్‌లోనే చిక్కుకుపోయాను. పొట్లాలు పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడలోంచి దిగాయట, ఇక్కడికి రాలేదు. వట్టి చేతులతో ఈ ఉదయం దిగాను. గదికి కూడా వెళ్ళలేదు. ఎరుకమ్మ ఇంట్లోంచి ఏడుపు వినబడటం లేదు. అదే భయమేసింది.

బుల్లి కాళమ్మ ఒళ్ళో ఉంది. నన్ను చూసి చేతులు చాచలేదు. ఏడవబోయింది, కన్నీళ్ళు రాలేదు. పొట్ట చర్మం పట్టుకుని వదిలాను. అప్పయ్య పొట్టలాగే నిలబడిపోయింది.

"పట్టలేదా?" అని అరిచాను.

కాళమ్మ తల్లి వైపు చూసింది. ఎరుకమ్మే అంది: "అరవకండి బాబూ. నా కళ్ళముందర పట్టింది. రాత్రి కాడి నుంచి నిద్దర నేదు దానికి. గిన్ని దించితే ఒట్టు."

ఎరుకమ్మ నాతో అబద్ధం చెప్పదు. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఎరుకమ్మ చెప్పదు, యర్రమ్మ చెబుతుంది. ఏ లెక్కన అలా అనుకున్నాను?

"జోగులేడీ?"

"ఆవలి ఒడ్డుకెల్లినాడు. డుంగీ ఏసుకుని."

"ఈ గాలిలోనా? ఎందుకు?"

సమాధానం చెప్పేలోపే అతను వచ్చాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసి ఉన్నాడు, మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. భుజం మీద ప్లాస్టిక్ డబ్బా. దింపి గోడకు చేరగిలబడ్డాడు. తెడ్డు విరిగి డుంగీ రాళ్ళకు కొట్టుకుందట. డబ్బా మాత్రం వదల్లేదు.

"దొరికింది భయ్యా. అసల్ మీఠా పానీ. ఆవలి నాలా నీళ్ళు, వాగు నీళ్ళు."

నాకు అర్థం కాలేదు. అడిగాను.

"మన బావి ఖారా ఐపోనాది గదా, సముద్రం నీరు దిగిపోయి. అందుకే బుల్లికి పనిసెయ్యట్లేదు అనుకున్నాం. మీఠా పానీలనే నమక్ ఎయ్యాల అని గోడ మీద మీరే గదా రాసినారు."

"మీఠా అంటే ఏమిటి జోగులూ?"

పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మీఠా అంటే మీఠానే. ఖారా కాంది. తాగీ నీళ్ళు."

"తియ్యటివి కాదా?"

"తియ్యటివే గదా. నాలా నీళ్ళు ఎంత తియ్యగుంటాయి."

కాళమ్మ పక్కనున్న గిన్నెలో చెంచా ముంచి నోట్లో పోసుకున్నాను. ఉప్పు. ఇంకేమీ లేదు. ఎలుక పేగు సంచి వేలాడదీసిన గ్లాసులోని నీళ్ళే అవి, గ్లూకోజ్ వెయ్యకముందు.

"గ్లూకోజ్ అని చెప్పాను కదా. మొదటి రోజు ఎన్నిసార్లు చెప్పాను."

"గులకోజంటే సీసా గదా బాబూ" అంది ఎరుకమ్మ. "మాయాబందర్ ఆసుపత్రిల సేతికి సూదెట్టి ఎక్కించీది. అది మా కాడ ఎక్కడుంటది?"

చక్కెర తెమ్మన్నాను.

ఎరుకమ్మ కదల్లేదు. "సెక్కరా? కడుపు జారి దస్తులవుతుంటే సెక్కరెడితే ఇంకా ఎక్కువవుతాయి బాబూ. మా అమ్మ కాడి నుంచి ఎవురూ పెట్టం." నేనే లోపలికి వెళ్ళాను. రోజూ నా టీలో వేసే చక్కెర ఎక్కడుంటుందో నాకు తెలుసు. జోగులు తెచ్చిన నీళ్ళు కాచి చల్లార్చి, చక్కెర వేసి, చిటికెడు ఉప్పు వేసి, నోట్లో పోసుకుని చూసి, కాళమ్మకు ఇచ్చాను. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు అని చెప్పాను. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదో తెలియదు.

మొదటి రెండు చెంచాలూ కక్కేసింది. ఎరుకమ్మ నా మొహం చూసింది. కాసేపాగి మళ్ళీ పట్టమన్నాను, ఒక్కో చెంచా, తొందర పడకుండా. నాకు తెలిసిన ప్రోటీన్లన్నిటినీ దేవుళ్ళను తలుచుకున్నట్టు తలుచుకున్నాను. వయసొచ్చాక నేను దేవుణ్ణి తలుచుకోలేదు.

మధ్యాహ్నం దాటాక కాళమ్మ ఉలిక్కిపడి తన చీర పట్టుకుంది. "ఒంటికి పోసింది" అంది. ఒడంతా తడి, పట్టిన నీళ్ళు లోపల నిలిచాయన్నమాట. జోగులు లేచి బయటికి వెళ్ళిపోయాడు. గోడ అవతల అతను ఏడవడం మా అందరికీ వినబడింది. ఎరుకమ్మ ఆ తడి చెంగు చేత్తో పట్టుకుని చూసి, నన్ను చూసి, మళ్ళీ చెంగునే చూసింది.

సాయంత్రానికి బుల్లి గొంతెత్తి ఏడ్చింది. కన్నీళ్ళతో.

జూన్ 25

గోడ మీద 'మీఠా' కొట్టేసి 'చీనీ', అంటే చక్కెర, అని రాశాను. పాట తూకం చెడింది. చెడనీ.

ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి బొమ్మ లేదు, పాట లేదు. గిన్నె పట్టుకెళ్ళి కలిపి చూపించి, నేను తాగి, వాళ్ళ చేత తాగించాను. తెలుగు వాళ్ళకు తెలుగులోనే చెప్పాను. అందరిదీ ఒకటే మాట: అసలు మీఠా పానీ అంటే నాలా నీళ్ళే అనుకున్నాం. ఎవరూ కోప్పడలేదు. బెంగాలీ పాప తండ్రి చేతులు పట్టుకున్నాడు. వాళ్ళకి ఇదేదో నేను కొత్తగా తెచ్చిన మందులా ఉంది. తప్పు సరిదిద్దుతున్నానని ఎవరికీ తోచలేదు, నేనూ చెప్పలేదు.

గవరయ్య ఇంటి దడి దగ్గర ఆగాను. అతని తల్లి వాకిట్లో చేపలు ఎండేస్తోంది. నా చేతిలో గిన్నె చూసింది.

"మా యింటికక్కర్నేదు బాబూ. మా యింట్ల ఇంక పిల్లల్నేరు" అంది.

వచ్చేశాను.

జూన్ 27

బుల్లి నా కాగితాలు చింపింది.

పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే బోటు ఎల్లుండి కదులుతుందట. యర్రమ్మ వెళ్తోంది. ఇప్పుడు వెళ్ళి చెప్పి ఏం లాభం? చెబితే అప్పయ్య తిరిగి రాడు. ఆ ఇంట్లో చక్కెర ఎక్కడిది అసలు? కటిక పేద వాళ్ళు. రేషను చక్కెర తెచ్చుకున్న రోజే అమ్ముకుంటారు, నాకు తెలుసు. అంటే, తెలుసని కాదు, అలా చేసేవాళ్ళు ఉంటారు. చక్కెర లేని ఇంట్లో చక్కెర వెయ్యమని చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. పైగా ఆ నీళ్ళు బావివి, ఉప్పునీళ్ళు. పైగా పిల్లవాడికి రోగం ముదిరాకే నేను చూశాను.

గవరయ్యతో మాత్రం మాట్లాడాలి. ఆమె పట్టిందని చెప్పాలి. రేపు చెబుతాను.

జూన్ 28

వాన. వెళ్ళలేదు.

మధ్యాహ్నానికి వెలిసింది. అయినా వెళ్ళలేదు. అన్నం పెడుతూ ఎరుకమ్మ అంది: "యర్రి ఇంటి కాడ ఒక్కరూ దానితో మాటాడట్నేదు బాబూ. కూకున్న కాడే కూకుంటంది." నేను వంచిన తల ఎత్తకుండా తిన్నాను. కాసేపుండి తనే మళ్ళీ అంది: "మీరు ఎల్తే బాగుంటది."

తప్పు నాదని ఆమెకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

జూన్ 29

జెట్టీకి వెళ్ళాను. బోటు సిద్ధంగా ఉంది. గవరయ్య రేకు పెట్టెను బోటులోకి అందించాడు. యర్రమ్మ తాళ్ళు కట్టే దిమ్మ పక్కన నిలబడి ఉంది, చేతులు ఊరికే వేలాడుతున్నాయి. సగం పల్లె అక్కడే ఉంది. ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్ళే.

గవరయ్య దగ్గరికెళ్ళి, అందరికీ వినబడేలాగే చెప్పాను. నీ భార్య పట్టింది. నేను చెప్పింది చెప్పినట్టు పట్టింది. చెప్పడమే నాకు చేత కాలేదు. చక్కెర వెయ్యమని చెప్పవలసింది, మీఠా పానీ అన్నాను. ఈ ఊళ్ళో దానికి ఇంకో అర్థం ఉందని నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు. చక్కెర లేకపోతే ఉప్పు లోపలికి పోదు, ఉప్పు పోకపోతే నీళ్ళూ పోవు. మీ బావి నీళ్ళు ఉప్పువి, దానికి తోడు ఇంకా గిన్నెల కొద్దీ పట్టమన్నాను. కొడుకును చంపుకున్నది ఆమె కాదు.

ఇంకా ఏదో చెప్పబోయాను. ఏడ్చాను. నలభై ఏళ్ళవాణ్ణి, జెట్టీ మీద.

గవరయ్య నా దగ్గరికి ఒక అడుగు వేశాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు. వంగి బోటులోంచి పెట్టె లాగి జెట్టీ మీద పెట్టాడు. భార్య మొహం చూడకుండానే "ఇంటికి పద" అన్నాడు.

నాకు నిజంగా ప్రాణం కుదుటపడింది. ఒక్క క్షణం.

యర్రమ్మ కదల్లేదు. నన్నే చూస్తోంది. "సెక్కరా బాబూ?" అంది.

"అవునమ్మా."

"సెక్కరేస్తే బతికీవోడా?"

నేను తల ఊపాను. ఊపకుండా ఉండవలసింది.

"సెక్కర ఉండీది మా కాడ" అంది. "డబ్బాడు ఉండీది. అదెట్టమని ఏడిసినాడు. ఆకరి దినం అదే అడిగినాడు బాబూ, సెక్కరెట్టవే అమ్మా అని. దస్తులెక్కువవుతాయని నానే పెట్నేదు. ఆడికి అందకుండా అటక మీద పెట్టీసినాను."

గవరయ్య ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె మెల్లగా విడిపించుకుని, ఆ పెట్టె తనే ఎత్తుకుని బోటెక్కింది.